అడగకుండా పోయే బండి

మా కొండలు లారీలెక్కి చైనాకు పోతున్న రోజుల్లో మా ఊర్లో తెలుపు అనే రంగు ఉండేది కాదు. బళ్ళారి పక్క తోరణగల్లుకూ కంప్లికీ మధ్యన ఉండే ఊరు మాది. పెద్ద రోడ్డు మీద దోవ ఇరుక్కున్నప్పుడల్లా ఇనప ఖనిజం లారీలు అడ్డదోవన మా వీధిలోంచే పోయేవి. పొద్దున ఉతికి ఆరేసిన పంచె సాయంత్రానికి కాషాయమయ్యేది. కొత్తగా వచ్చినవాళ్లు ఊరు ఊరంతా సన్యాసం పుచ్చుకుందనుకునేవారు. వీరభద్రప్ప అని ఒకాయన తెల్లెద్దుల జతను సంతకు తోలుకుపోతే, అక్కడికి చేరేసరికి అవి ఎర్రెద్దులయ్యాయి. ఎర్రెద్దులుగానే బేరం కుదిరింది. అంతలో వాన కురిసింది. ఇవి నేను కొన్న ఎద్దులు కావు, మార్చేశావని కొన్నవాడు వీరభద్రప్ప చొక్కా పట్టుకున్నాడు. నమ్మకపోతే వీరభద్రప్పనే అడగండి. ఆయన పోయి చాలా ఏళ్లయింది కాబట్టి నా మాట నమ్మడమే మీకు సులువు.

సరే, ఈ కథ ఎద్దులది కాదు. మా బావ కోదండరామి మోటార్ సైకిలుది. నా చెల్లెలు రామలక్ష్మమ్మను ఆయనకే ఇచ్చాం, మా ఇంటికి ఎదురిల్లే. నా అరుగు మీద కూర్చుంటే వాళ్లింట్లో జరిగేదంతా నాకు టికెట్టు లేని నాటకం.

బావ కొడుకు చక్రధర్ మొదట ఒక లారీ కొన్నాడు. ఆ లారీ ఇంకో లారీని ఈనింది, అది ఇంకోదాన్ని. చివరికి మేడంత తెల్లకారు ఒకటి వచ్చింది, దానికి నారప అనే డ్రైవరు వచ్చాడు. కారు వచ్చిన రోజునే మా బావకు కాళ్లు పోయాయి.

అంతకు ముందు ఆయన ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు బస్సెక్కి కంప్లి పోయేవాడు. ఏటి పక్కన కౌలుకిచ్చిన వరిమడి ఉంది. నీళ్లు చూసుకుని, కౌలుదారుణ్ణి నాలుగు తిట్టి, హోటల్లో బొరుగుల ఒగ్గరణి, మిరపకాయ బజ్జీ తిని వచ్చేవాడు. కారు వచ్చాక బస్సు కూడదని కొడుకు ఆజ్ఞ. చక్రధర్ నాయన బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడని నలుగురూ అనుకుంటారట. పోనీ కారులో పోదామంటే కారెప్పుడూ గనుల దగ్గరే. మా బావ ఇస్త్రీ పంచె కట్టుకుని పొద్దున్నే అరుగు మీద కూర్చునేవాడు, మధ్యాహ్నానికి పంచె నలిగేది, విప్పేసేవాడు. ఒకసారి నిజంగానే కారెక్కించారు. సగం దోవలో నారపకు ఫోన్ వచ్చింది, యాడో లారీ ఇరుక్కుందని. వాడు కారు తిప్పేశాడు. మా బావ ఇంటికొచ్చి దిగి, నేరుగా పశువుల కొట్టంలోకి పోయి, మూలనున్న గోనెపట్టా లాగాడు.

దాని కింద జావా బండి ఉంది. కొత్త పెళ్లికొడుకుగా ఉన్నప్పుడు కొన్నది. ఊరికి బస్సొచ్చాక ఆ మూల చేరింది. సీటు మీద ఒక కోడి పొదుగుతూ ఉంది. అది లేవనంది. అందుచేత మా బావ పట్టుదల, కోడిపిల్లలు బయటికొచ్చేదాకా వాయిదా పడింది.

కోడి పిల్లలతో లేచిన నాడు బండిని పెరట్లోకి తోస్తుంటే చక్రధర్ చూశాడు.

"ఏంది నాయనా, ఆ తుక్కు జోలికి పోతాండావు?"

"తుక్కు కాదు, బండి."

"యాడికి పోవాల్లో చెప్పు. నారపను పంపిస్తా."

"యాడికని చెప్పకుండా పోవల్ల. అదే నాక్కావాల్సింది."

చక్రధర్ నవ్వాడు. వాడు చెడ్డవాడు కాడు, తీరిక లేనివాడు. "బండి అంటే కదలల్ల నాయనా. ఒక పని చేద్దాం. ఈ ఆయుధపూజకు లారీలతో పాటు దీన్నీ నిలబెట్టు. అన్నిట్లాగా నిమ్మకాయ తొక్కి, ఊరి చుట్టూ ఒక చుట్టు రావల్ల. వచ్చిందా, ఇంక జన్మలో నిన్ను యాడికి పోతాండావని అడిగితే ఒట్టు. రాలేదా, గుజరీ సాబుకు ఇచ్చేద్దాం. నువ్వు గమ్మున కారు వచ్చినప్పుడు కారెక్కు."

"ఒప్పుకున్నా. మీ మామే సాక్షి."

సాక్షి అంటే పని లేనివాడని అర్థం కాబట్టి నేనూ ఒప్పుకున్నాను.

గుజరీ సాబు అంటే బళ్ళారి కౌల్ బజార్ నుంచి పాత ఇనుము కొనడానికి వచ్చే ఆయన. ఆ రోజుల్లో ఇనుముకున్న మర్యాద బంగారానికి లేదు. సాబు తోపుడుబండి వీధి మొదట్లో కనిపిస్తే ఆడవాళ్లు రోటి దగ్గరి ఇనప రోకలి కూడా లోపల దాచేవారు. నడుస్తున్న సైకిలును ఆపి, దిగుతావా, తూకం వేస్తా అని అడిగిన మనిషి. ఆయన రోజు విడిచి రోజు మా బావ పెరటి గోడ మీదుగా తొంగి చూసేవాడు.

"క్యా యజమాని, ఇస్తావా?"

"నీ తక్కెడ ఎగిరిపోను, పోవయ్యా!"

"పండగకి వస్తా," అని నింపాదిగా పోయేవాడు సాబు.

బండి విప్పడం మొదలైంది. విప్పిన బోల్టులు పెట్టుకోవడానికి మా బావకు ఇల్లంతా వెతికినా పోపుల డబ్బా కంటే మంచిది దొరకలేదు. ఆవాల గిన్నెలో వాషర్లు, మెంతుల గిన్నెలో చిన్న బోల్టులు. ఆ రాత్రి సాంబారులో చక్రధర్ పంటికింద వాషర్ వచ్చింది. అది క్లచ్ లోపలిదని మా బావ ఎంగిలని కూడా చూడకుండా తీసుకుని కడిగి దాచుకున్నాడు.

పెట్రోలు ట్యాంకు విప్పి బోర్లిస్తే అందులోంచి నల్లటి నీళ్లు వచ్చాయి. మా బావ వాసన చూశాడు. నాకిచ్చాడు. నేనూ చూశాను. పెట్రోలు కాదు, డీజిలు కాదు, పులిసిన కల్లు వాసన.

"ఏందిది బావా?"

మా బావ ఇంట్లోకి కేకేశాడు. "ఏమే, ఈ ట్యాంకులో ఏం పోసినావు?"

రామలక్ష్మమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేనేం పోస్తా? ఏటేటా ఆయుధపూజకు పూజ చేసి టెంకాయ నీళ్లు పోస్తా. అన్ని బండ్లకూ పోసినట్లే."

ట్యాంకు మూత యాడో పోయి గుడ్డ కుక్కి ఉండేది. ఇన్నేళ్ల టెంకాయ నీళ్లు ఆ గుడ్డలోంచి లోపలికి దిగాయి. బండికి పెట్రోలు బదులు తీర్థం తాగించి పెట్టింది మా చెల్లెలు.

"దేవుడికి పోసింది తప్పా?" అంది.

"తప్పు కాదు. నీకు పుణ్యం, దీనికి తుప్పు," అన్నాడు బావ.

తరువాత కడగడం. బండంతా మందంగా ఎర్రదుమ్ము. మా బావ కొబ్బరిపీచు, బూడిద పెట్టి రుద్దాడు. ఎర్రనీళ్లు పారాయి. మళ్లీ రుద్దాడు. మళ్లీ ఎరుపే. ఇదేం దుమ్మప్పా, ఇనుముకు ఇనుము అతుక్కుపోయిందని గరుకు కాగితం తెచ్చి పట్టించాడు. నేను పెరటి అరుగు మీద కూర్చుని, గట్టిగా బావా, అడుగున నలుపు కనపడే దాకా వదలొద్దని ఉత్సాహం ఇస్తూ ఉన్నాను. బండి నల్లదని ఆయనే చెప్పాడు. ఆయన కొన్న బండి గురించి ఆయనకంటే నాకేం తెలుసు?

రుద్దగా రుద్దగా ట్యాంకు మీద తెల్లగా ఇనుము మెరిసింది. నలుపు రాలేదు. మా చెల్లెలు వచ్చి చూసి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"రంగంతా ఎందుకు గీకేసినావు?"

"రంగు కాదే, దుమ్ము."

"ఏం దుమ్ము? బండి ఎర్రదే. పెండ్లయిన ఏడు దీనిమీదే గదా నన్ను కంప్లికి పిల్చుకపోయింది. నా పట్టుచీర రంగు, దీని రంగు ఒకటేనని మా అన్న కూడా ఎగతాళి చేసె. ఏమన్నా, చేసినావా లేదా?"

చేశాను. ఇప్పుడు గుర్తొచ్చింది. కానీ ఊరు మొత్తం ఎర్రగా ఉన్నప్పుడు ఎర్రబండిని గుర్తుపట్టడం బ్రహ్మకైనా కష్టమని తీర్పు చెప్పి తప్పించుకున్నాను.

చక్రధర్ మాత్రం తప్పించుకోనివ్వలేదు. ఆ సాయంత్రం ట్యాంకు చూసి, "సొంత బండి రంగే గుర్తులేదంటే రోడ్డుమీద దోవ ఎట్ల గుర్తుంటాది నాయనా? నా మాట ఇని ఇది ఆపు," అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగా భయపడి అన్నాడు. అందుకే మా బావకు ఎక్కువ గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే నన్ను లేపి, ప్లగ్గు, క్లచ్ ప్లేట్లు, కార్బొరేటర్ సామాను తెమ్మని బళ్ళారి పంపాడు. తానే పోవచ్చు గదా అంటారేమో. బస్సు ఎక్కకూడదు గదా ఆయన.

కౌల్ బజార్లో సామాన్ల కొట్లన్నీ తిరిగాను. జావా అంటే కుర్రాళ్లు నన్ను పైనుంచి కిందికి చూశారు. చివరికి ఒక ముసలాయన అటక మీదికి నిచ్చెన వేసుకుని ఎక్కి, చాలాసేపు తుమ్ముల శబ్దం తప్ప ఇంకేమీ వినిపించక, నేను దుకాణం వదిలి పోదామా అనుకునేలోగా, సాలెగూళ్లతో సహా దిగివచ్చాడు. చేతిలో మాకు కావలసినవన్నీ ఉన్నాయి. అటక పైన ఇంకా ఏమేమి ఉన్నాయో అడిగితే, పాత దొరల గుర్రపు సారోటు చక్రాలు కూడా ఉన్నాయన్నాడు. నేను నమ్మాను. అబద్ధాలు చెప్పేవాడు ఎదుటివాడి అబద్ధాలను గౌరవించాలి.

రంగు గీకిన పాపం ట్యాంకులో బయటపడింది. పెట్రోలు పోయగానే అడుగున చెమట పట్టినట్టు చుక్కలు. టెంకాయ నీళ్లు తినేసిన ఇనుమును ఆ పాత రంగే ఇన్నాళ్లు పట్టి ఉంచింది. మా బావ బట్టల సబ్బు తీసుకుని ఆ చోట గట్టిగా రుద్దాడు. సబ్బు పెట్రోలుతో కలిసి బంకలాగా గడ్డకట్టింది. చుక్కలు ఆగాయి. చెల్లెలికి కొత్త సబ్బు కొనిచ్చాడు. ఆ పైన లారీల బాడీకి వేయగా మిగిలిన చిలకపచ్చ పెయింటు ఉంటే నిండుగా పూశాడు. ఇకపై దీన్ని ఎవరూ దుమ్మనుకోరని చెప్పాడు.

పండుగకు ముందు రోజు కారు కడగడానికి వచ్చిన నారపను సాయం పిలిచాడు. నారప బండి చుట్టూ తిరిగి తిరిగి, "పెద్దయ్యా, కిక్ రాడ్డు ఎవడో ఎత్తుకపోయినాడు," అన్నాడు.

"నీ కండ్లు ఎత్తుకపోయినాడు. గేర్ రాడ్డును లోపలికి నొక్కి పైకి తిప్పు. అదే కిక్కు."

"గేరూ కిక్కూ ఒకటేనా? ఇదేం కథప్పా!"

నారపకు జీవితంలో తెలిసింది డీజిలు ఒక్కటే. పెట్రోలులో ఆయిలు కలిపే బండి ఇదని చెబితే, లారీకి పోసే కొలతే దీనికీ పోశాడు. ఆ సంగతి తరువాత తెలిసింది. ఆ రోజు నాలుగు తన్నులకు ఒకసారి దగ్గింది, నిలబడలేదు. చీకటి పడింది. రేపు లేస్తుందిలే అన్నాడు మా బావ.

ఆయుధపూజ నాడు లారీలన్నీ అరటి పిలకలు కట్టుకుని, బంతిపూలతో వీధి పొడుగునా నిలబడ్డాయి. వరుస చివర, ఏనుగుల వెనక చిలకలాగా మా బావ బండి. గుజరీ సాబు చెప్పినట్టే వచ్చి, తోపుడుబండిని గోడకు ఆనించి, తక్కెడ సర్దుకుంటున్నాడు. ప్రసాదం కోసం వచ్చానన్నాడు.

పూజ చేసింది మా చెల్లెలి కోడలు అనూష. బళ్ళారిలో చదువుకున్న పిల్ల. అత్త చెప్పిన ఏ మాటా తప్పదు. పూజలో పెట్టిన ఏ పాత్ర నోరూ ఖాళీగా ఉండకూడదని మా చెల్లెలు ఆమెకు నేర్పింది. బిందె పెడితే దాంట్లో నాలుగు గింజలైనా ఉండాలి, గిన్నె పెడితే ఒక పువ్వైనా ఉండాలి. మా ఇండ్లలో అది ఆచారం. అనూష లారీల చక్రాలకు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, చివరికి జావా దగ్గరికి వచ్చింది. బండి వెనక రెండు పక్కలా రెండు సైలెన్సర్లు, వాటికి రెండు నోళ్లు, ఖాళీగా. ముందు చక్రం కింద ఒకటి పెట్టాక ఆమె చేతిలో ఇంకా రెండు బుడ్డ నిమ్మకాయలు మిగిలాయి. ఇంకేం కావాలి? శ్రద్ధగా లోపలికి నొక్కి, పైన కుంకుమ కూడా పెట్టింది. ఇది ఎవరూ చూడలేదు.

లారీలు ఒక్కొక్కటే నిమ్మకాయలు తొక్కి ముందుకు పోయాయి. మా బావ వంతు వచ్చింది. తలగుడ్డ సర్దుకుని, సీటు మీద కూర్చుని, రాడ్డు పైకి తిప్పి తన్నాడు. ఏమీ లేదు. మళ్లీ తన్నాడు. బండి లోపల ఎవరో దుప్పటి కప్పుకుని నిట్టూర్చినట్టు శబ్దం.

"ప్లగ్గు చూడు బావా," అన్నాను.

చూశాడు. బాగుంది. పెట్రోలు దిగుతోంది. నారప తన్నాడు. మళ్లీ మా బావ తన్నాడు. తలగుడ్డ జారి మెడలో పడింది, తీసుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్లు మొదట నవ్వారు, తరువాత నవ్వడం మానేశారు. మానేయడమే ఎక్కువ బాధగా ఉంది చూడటానికి.

చక్రధర్ అరచేతిలో కర్పూరం వెలిగించిన బూడిద గుమ్మడికాయ పట్టుకుని, చివర కొట్టడానికి నిలబడి ఉన్నాడు. "నాయనా, సాకు, ఇంక చాలు. దిగు. మోకాలు నొప్పి పుడతాది," అన్నాడు మెల్లగా.

సాబు తక్కెడ కొక్కెం పైకెత్తాడు.

"నేను దిగను," అన్నాడు మా బావ. "దిగితే నువ్వు చెప్పినప్పుడే ఎక్కల్ల. దిగను."

అని, రాడ్డు మీద నిలబడి, ఒళ్లంతా బరువేసి తన్నాడు.

తరువాత జరిగింది నేను చెబితే నమ్మరు గనుక తగ్గించి చెబుతాను. ఆ పేలుడుకు, తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో సైరన్ మోగిందనుకుని ఇద్దరు మనుషులు డ్యూటీకి బయలుదేరారు. ఎడమ సైలెన్సర్లోని నిమ్మకాయ వెనక్కు దూసుకుపోయి, చక్రధర్ చేతిలోని గుమ్మడికాయను, కర్పూరం ఆరకుండా, రెండు చెక్కలు చేసింది. వాడు కొట్టాల్సిన పని లేకుండా దిష్టి పోయింది. కుడిపక్క నిమ్మకాయ ఇంతవరకూ దొరకలేదు. మా బావ కంటే ముందే అది కంప్లి చేరిందని నా లెక్క. నారప పోసిన ఆయిలంతా పొగై లేచింది. పట్టపగలు లారీలు లైట్లు వేసుకున్నాయి. పొగలో డబడబడబమని శబ్దం మాత్రం ఆగలేదు.

"ఎవరే నిమ్మకాయలు కుక్కింది?" అని మా చెల్లెలు అరిచింది.

"మీరే గదత్తా, నోరు ఖాళీగా ఉండకూడదంటిరి," అంది అనూష, దగ్గుతూ.

పొగలోంచి చిలకపచ్చ బండి బయటికొచ్చింది. ముందు చక్రం కింది నిమ్మకాయ చితికింది. మా బావ వంకరటింకరగా వీధి మొదలు దాకా పోయి, చావడి దగ్గర తిరిగి, వెనక వీధిలోంచి శబ్దం వినిపిస్తూ, ఒక కుక్కను వెంటేసుకుని, మళ్లీ వచ్చాడు. బ్రేకులు అంత బాగా పట్టలేదు. సాబు తోపుడుబండి అడ్డంగా లేకపోయి ఉంటే ఇంకో చుట్టు వేసేవాడు. సాబు కింద పడిన తక్కెడ ఏరుకుని, "మాషా అల్లా యజమాని, ఇప్పుడు ఇది బండి," అని ప్రసాదం తీసుకుని పోయాడు.

చక్రధర్ మాటకు కట్టుబడ్డాడు. గుమ్మడి గింజలు చొక్కా మీదినుంచి ఏరుకున్నాడు.

పండుగ దాటిన తరువాత ఒక ఉదయం మా బావ ఇస్త్రీ పంచె కట్టుకుని బండి బయటికి తీశాడు. కొడుకు కారు వాకిట్లోనే ఉంది. నారప దాన్ని తుడుస్తూ, అడగబోయి, నాలుక కరచుకున్నాడు. మా బావ రాడ్డు తన్నాడు, బండి లేచింది. గేరు వేసేలోగా నా చెల్లెలు సంచి పట్టుకుని వచ్చి, కొంగు దోపుకుని, వెనక సీటు మీద పక్కకు తిరిగి కూర్చుంది.

"ఏమే, యాడికి?" అన్నాడు మా బావ.

"నువ్వు యాడికో, నేనూ ఆడికే."

"నేను యాడికని చెప్పలేదే."

"నేను అడగలేదు గదా."

మా బావ గేరు వేశాడు. "సంచి గట్టిగా పట్టుకో," అన్నాడు. పోయారు.

చక్రధర్ చేతిలో ఫోనుతో బయటికొచ్చాడు. వీధి చివర పొగ ఇంకా ఉంది.

"మామా, యాడికి పోయినారు?"

"అడగనని ఒట్టు పెట్టుకుంటివి గదరా అల్లుడా."

"ఆయప్పను అడగనంటి. నిన్ను అడుగుతాండా."

"నాకూ చెప్పలేదు."

"అమ్మ కూడా పోయిందా? ఎప్పుడొస్తారు?"

"చెప్పలేదు."

వీధి చివర దోవ రెండుగా చీలుతుంది. ఒకటి కంప్లికి, ఒకటి బళ్ళారికి. వాడు అక్కడిదాకా నడిచిపోయి, అటొకసారి ఇటొకసారి చూశాడు. రెండు దోవల్లోనూ ఖనిజం లారీలు వస్తున్నాయి, పోతున్నాయి. రెండు దోవలూ ఎర్రగానే ఉన్నాయి. నారప కారు తాళాలు పట్టుకుని, "అన్నా, వెనకాలే పోదామా?" అన్నాడు.

"యాడికని పోతావు?" అన్నాడు చక్రధర్.

తిరిగొచ్చి మా అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. వాడు అలా కూర్చోవడం లారీలు కొన్నాక నేను చూడలేదు. ఫోన్ మోగింది, తీసి చూసి, జేబులో పెట్టుకున్నాడు. అంతలో ఎదురింటి లోపలినుంచి అనూష తొంగి చూసి, మధ్యాహ్నానికి అత్తకూ మామకూ బియ్యం పొయ్యాల్నా వద్దా అని అడిగింది.

వాడు నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను.